గ్రీకు పేర్లు, ఇంగ్లీషు ఊయలలు
(సి.పి. బ్రౌన్ స్మారకోపన్యాసం)



బ్రౌన్ దొర పేరిట మాట్లాడమంటే ఎవరైనా వేమన దగ్గరో, నిఘంటువు దగ్గరో మొదలుపెడతారు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చుకెక్కించిన మనిషి విషయంలో అది సహజం. నేను ఆయన పేరు దగ్గరే ఆగుతాను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. చార్లెస్ పాత జర్మానిక్ జాతుల నుంచి వచ్చిన పేరు. బ్రౌన్ అనేది జుట్టు రంగునో మేనిచాయనో బట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఇంటిపేరు. నడుమనున్న ఫిలిప్ గ్రీకు పేరు. గుర్రాలంటే ప్రాణమైనవాడు అని దానికి అర్థం. అలెగ్జాండర్ తండ్రి పేరు అదే. మాసిడోనియా రాజులు పెట్టుకున్న పేరు 1798లో కలకత్తాలో ఒక ఇంగ్లీషు పాదిరీగారి బిడ్డకు ఎలా దక్కింది?

ఆ దారి వెతకడమే ఈ ఉపన్యాసం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గ్రీకు పేర్లను ఇంగ్లీషు పుస్తకాల్లోకి తెచ్చినవారు పండితులు. ఇంగ్లీషు ఇళ్లలోకి తెచ్చినవారు భక్తులు, రాణులు, తల్లులు. పుస్తకాల్లోకి వచ్చిన పేర్లు చాలావరకు పుస్తకాల్లోనే ఉండిపోయాయి. ఇళ్లలోకి వచ్చినవి నేటికీ పిలిస్తే పలుకుతున్నాయి.

ఏథెన్సులో పేరు

ప్రాచీన గ్రీకులకు ఒక్కటే పేరు. ఇద్దరు ముగ్గురికి అదే పేరుంటే తండ్రి పేరు చేర్చేవారు. ఏథెన్సులో క్రీ.పూ. 508-507లో క్లైస్తెనీస్ చేసిన సంస్కరణలతో మూడో భాగం కలిసింది. ఆయన ఆ రాజ్యాన్ని దేముల కింద, అంటే ఊళ్లూ పేటల కింద విభజించాడు. అవి 139. ప్రతి పౌరుడూ ఏదో ఒక దేములో నమోదు కావాలి, ఆ దేము పేరుతోనే తనను చెప్పుకోవాలి. తండ్రి పేరుతో పిలుచుకుంటే కొత్తగా పౌరసత్వం పొందినవాళ్లు బయటపడిపోతారు కాబట్టి ఈ ఏర్పాటు చేశాడని అరిస్టాటిల్ పేరిట మనకు దక్కిన ‘ఏథెన్సు రాజ్యాంగం’ చెబుతుంది. ఆ తర్వాత కుటుంబం ఇంకో చోటికి తరలిపోయినా దేము పేరు మాత్రం తరతరాలా వెంట వచ్చేది. పూర్వీకులు ఏనాడో వదిలేసిన ఊరు మన ఇంటిపేర్లలో నిలిచిపోయినట్టే ఇదీను.

ఈ పద్ధతిని కళ్లతో చూడాలంటే ఏథెన్సు తవ్వకాల్లో దొరికిన కుండపెంకులు చూడాలి. ప్రజలకు ప్రమాదం అనుకున్న నాయకుణ్ణి పదేళ్ల పాటు ఊరు దాటించే ఆచారం అక్కడ ఉండేది. పౌరుడు ఒక పగిలిన పెంకు మీద తాను పంపించేయదలచినవాడి పేరు గీకి ఇచ్చేవాడు. ఆరు వేల ఓట్ల లెక్క దాటాలి. పర్షియా నౌకాదళాన్ని సలామిస్ దగ్గర ఓడించిన థెమిస్టోక్లిస్ కూడా చివరకు అలాగే వెళ్లిపోయాడు. ఆ పెంకుల మీద పేరుతో పాటు తండ్రి పేరు నియోక్లిస్ అని, కొన్నిటి మీద దేము పేరు కూడా గీసి ఉంటుంది. అక్షరాలు ఒక్కో పెంకు మీద ఒక్కోలా ఒరిగి ఉంటాయి, స్పెల్లింగు తప్పులూ ఉంటాయి. అక్రోపొలిస్ ఉత్తరపు వాలులో ఒక బావిలో 190కి అటూ ఇటూగా పెంకులు దొరికాయి. అన్నిటి మీదా థెమిస్టోక్లిస్ పేరే. చేతివాటం చూస్తే రాసినవాళ్లు కొద్దిమందే. అంటే ఓటర్లకు పంచడానికి ఎవరో ముందే రాయించి పెట్టారన్నమాట. ఒక మహానాయకుడి పేరు ఇలా ఎన్నికల సరంజామాగా మారి రెండున్నర వేల ఏళ్లు బావిలో పడి ఉంది.

తండ్రీ కొడుకుల పేర్లు చూడండి. నియోక్లిస్, థెమిస్టోక్లిస్. రెండింటి చివరా ‘కీర్తి’ ఉంది. గ్రీకు పేర్లు చాలావరకు రెండు మాటల అతుకులు. తండ్రి పేరులోని ఒక ముక్క కొడుకు పేరులోకి దిగుతుంది. డెమోస్తనీస్ అంటే ప్రజల బలం. దేవుళ్ల పేర్లతో చేసినవీ తక్కువేం కావు. అపొల్లోడోరస్ అపోలో ఇచ్చిన వరం, హెరొడోటస్ హేరా ఇచ్చిన బిడ్డ. పుట్టిన పదో రోజున బంధువులను పిలిచి విందు చేసి పేరు పెట్టేవారు. మొదటి మగబిడ్డకు తరచుగా తండ్రి తండ్రి పేరే.

అప్పుడు కూడా పేరు దగ్గర గొడవలు ఉండేవి. క్రీ.పూ. 423లో అరిస్టోఫేనీస్ ఆడించిన ‘మేఘాలు’ నాటకంలో ఒక పల్లెటూరి రైతు గొప్పింటి పిల్లను చేసుకుంటాడు. కొడుకు పుట్టగానే భార్య పేరులో గుర్రం ఉండాలంటుంది. గుర్రాన్ని మేపగలిగేది కలవారే కనుక ఆ ముక్క హోదాకు గుర్తు. భర్త తన తండ్రి పేరు కావాలంటాడు. అందులో పొదుపు అనే అర్థముంది. చివరకు ఆ పొదుపునూ ఈ గుర్రాన్నీ కలిపి ఫైడిప్పిడీస్ అని రాజీపడతారు. ప్రేక్షకులు ఆ రాజీకి నవ్వారంటే, పేరు వినగానే ఇంటి అంతస్తు ఊహించడం వాళ్లందరికీ అలవాటన్నమాటే.

పేరు దక్కనివారు

ఈ అందమైన చిత్రానికి రెండో వైపు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. గౌరవమైన ఇంటి స్త్రీ పేరును ఏథెన్సు న్యాయస్థానాల్లో వక్తలు పలికేవారు కారు. ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని ఊరుకునేవారు. పెరిక్లీస్ పెళ్లాడిన భార్య పేరు చరిత్రలో లేదు. పెళ్లాడకుండా ఆయనతో ఉన్న పరదేశి స్త్రీ అస్పాసియా పేరు లోకమంతటికీ తెలుసు. స్త్రీల పేర్లు బాహాటంగా నిలిచింది సమాధిరాళ్ల మీద. కెరమైకస్ శ్మశానంలో దొరికిన ఒక పాలరాతి ఫలకం మీద కుర్చీలో కూర్చున్న స్త్రీ నగల పెట్టెలోంచి ఏదో తీసి చూసుకుంటూ ఉంటుంది, ఎదురుగా పరిచారిక. పైన చెక్కిన మాటలు రెండే: హెగెసో, ప్రొక్సెనస్ కూతురు. పక్కనున్న పరిచారికకు పేరు లేదు.

బానిసల సంగతి ఇంకా కఠినం. క్రీ.పూ. 414లో కొందరు దోషుల ఆస్తులు జప్తుచేసి వేలం వేసినప్పటి జాబితాలు రాతి మీద చెక్కించారు, అవి ముక్కలుగా దక్కాయి. పిరయస్ రేవులో ఉండిన కెఫిసోడోరస్ అనే పరదేశి వర్తకుడి ఇంటి నుంచి పదహారుమంది బానిసలను అమ్మారు. యజమాని పేరుకు కెఫిసస్ నది ఇచ్చిన వరం అని అర్థం. బానిసల వరసలో థ్రేసు ఆడమనిషి 165 ద్రాక్మాలు, సిరియా మగమనిషి, కేరియా మగమనిషి, ఇలా జాతీ వెలా మాత్రమే ఉన్నాయి. తల్లి పెట్టిన పేరు ఒక్కరికీ లేదు. ఏథెన్సువాళ్లు బానిసలను వాళ్ల దేశం పేరుతోనో, ఆ దేశంలో ఎక్కువగా వినబడే ఏదో ఒక పేరుతోనో పిలిచేవారని ప్రాచీన భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు.

ఇంగ్లండుకు వచ్చిన దారి

669లో టార్సస్ పట్టణపు గ్రీకు సన్యాసి థియొడోర్ కాంటర్‌బరీకి ఆర్చిబిషప్‌గా వచ్చాడు. ఆ చర్చి వ్యవస్థనంతా తీర్చిదిద్దిన మనిషి. ఆయన బడిలో గ్రీకు నేర్పారు. అయినా ఆయన పేరు ఆనాటి ఇంగ్లీషు ఇళ్లలో పాకలేదు. ఆంగ్లో-సాక్సన్లు తమ ఎడ్వర్డులూ, ఎథెల్‌రెడ్‌లూ వదల్లేదు. 1066లో నార్మన్లు గెలిచాక గాని సెయింట్ల పేర్లు పెట్టే వాడుక అక్కడ బలపడలేదు. పీటర్, ఆండ్రూ, ఫిలిప్, స్టీఫెన్, నికొలస్, క్యాథరీన్, మార్గరెట్, ఆగ్నెస్. వీటిలో ఏ ఒక్కటీ గ్రీకు సాహిత్యం చదివి పెట్టుకున్నది కాదు. రోగం తగ్గాలనీ, కాన్పు సుఖంగా జరగాలనీ, పడవ ఒడ్డుకు చేరాలనీ మొక్కుకున్నవాళ్లు తాము నమ్మిన సెయింటు పేరు బిడ్డకు పెట్టుకున్నారు. కాన్పు కష్టాల్లో తల్చుకున్నది అంతియోకు మార్గరెట్‌ను. నావికులు నమ్ముకున్నది మైరా నికొలస్‌ను. నికొలస్ అంటే ‘జనవిజయం’ అని వాళ్లకు తెలియదు, తెలియనక్కరా లేదు.

జనం నోట పడ్డాక పేర్లు కరిగి కొత్త రూపాలెత్తాయి. నికొలస్ పొట్టిదై నిక్ అయింది, నిక్ కొడుకు నిక్సన్. పెత్రొస్ ఫ్రెంచి నోట పియర్స్ అయి పియర్సన్ అనే ఇంటిపేరును కన్నది. వైన్ దేవుడు డయొనైసస్ పేరు మీద పుట్టిన డయొనీసియస్, పారిస్ సెయింటు ద్వారా డెనిస్ అయింది. ఆ డెనిస్ వంశంలో తేలినదే టెన్నిసన్. థియొఫానియా అంటే దైవదర్శనం. ఆ పేరుతో జరిగే క్రైస్తవ పండుగనాడు పుట్టిన ఆడపిల్లలకు పెట్టిన ఆ పేరు ఇంగ్లీషులో టిఫనీగా మిగిలింది. దేవుడి వరం అనే అర్థమున్న డొరొతీ ముద్దుపేరు డాలీ, డాల్. ఆడపిల్లలు ఆడుకునే బొమ్మకు ఇంగ్లీషులో ఆ మాటే నిలిచింది. జార్జి అంటే రైతు. ఆ సెయింటు ఇంగ్లండుకు రక్షకుడైనా, బిడ్డలకు ఆ పేరు విరివిగా పెట్టడం 1714లో హనోవర్ నుంచి వచ్చి మొదటి జార్జి రాజైన తర్వాతే.

రాణుల మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఇంగ్లీషు రాజవంశపు బిడ్డ మార్గరెట్ హంగేరీలో పెరిగింది. ఆమె చెల్లెలు క్రిస్టీనా. ఇద్దరివీ గ్రీకు మూలపు పేర్లు. మార్గరెట్ స్కాట్లండు రాజు మూడో మాల్కంను పెళ్లాడి ఒక కొడుక్కి అలెగ్జాండర్ అని పేరు పెట్టింది. అతను 1107లో రాజయ్యాడు. తర్వాత మరో ఇద్దరు రాజులకు అదే పేరు. స్కాట్లండు కొండల్లో అది అలస్టెయిర్ అయింది, మైదానాల్లో శాండీ అయింది. ఆ తల్లి తర్వాత సెయింటు అయి, తన పేరును కూడా ఆ దేశానికి ఇచ్చింది.

ఇక ఫిలిప్. పదకొండో శతాబ్దంలో కీవ్ నుంచి ఫ్రాన్సుకు కోడలిగా వచ్చిన రాణి అన్నా తన కొడుక్కి ఆ పేరు పెట్టడంతో పశ్చిమ యూరపు రాజకుటుంబాల్లో అది పాతుకుందని చెబుతారు. 1554లో ఇంగ్లండు రాణి మేరీ స్పెయిన్ యువరాజు ఫిలిప్‌ను పెళ్లాడింది. అదే ఏడు నవంబరులో కెంట్‌లోని పెన్స్‌హర్స్ట్ భవనంలో ఒక మగబిడ్డ పుట్టాడు. స్పెయిన్ ఫిలిప్ జ్ఞానతండ్రి అయ్యాడు, బిడ్డకు ఆయన పేరే పెట్టారు. ఆ బిడ్డ ఫిలిప్ సిడ్నీ. 1586లో జట్‌ఫెన్ దగ్గర అదే స్పెయిన్ రాజు సైన్యంతో పోరాడి గాయపడి, 31 ఏళ్లకే చనిపోయాడు. ఆయన సానెట్లలోని ప్రేమికుడి పేరు ఆస్ట్రొఫిల్, నక్షత్రాన్ని ప్రేమించినవాడు. అందులో ఫిలిప్ దాగి ఉన్నాడు. ఆ నక్షత్రం వెనుక ఉన్న నిజమైన స్త్రీ పెనెలోపీ డెవరూ. ఆమె 1563 ప్రాంతంలో పుట్టేనాటికి గ్రీకు కావ్యాలు చదువుకున్న గొప్ప కుటుంబాలు పుస్తకం నుంచి నేరుగా పేర్లు తీయడం మొదలుపెట్టాయి. పెనెలోపీ లాంటి పేర్లు ఇళ్లలోకి వచ్చాయి. పుస్తకం దాటి వచ్చిన ఈ పేర్లు ఎక్కువగా ఆడపిల్లలవి కావడం గమనించదగినది.

సోక్రటీస్, సోఫోక్లిస్, పెరిక్లీస్ మాత్రం ఇంగ్లండులో పిల్లల పేర్లుగా నాటుకోలేదు. ఇంగ్లీషు విద్యావంతుడు శతాబ్దాల పాటు వాళ్లను నెత్తిన పెట్టుకున్నాడు. కొడుకుని మాత్రం జార్జి అనే పిలిచాడు.

ఎవరి ఉచ్చారణ?

పండితుల దారిలో ఏం జరిగిందో కూడా చూద్దాం. గ్రీకు పేర్లు ఇంగ్లీషుకు లాటిన్ వేషంలో వచ్చాయి. ‘ఒస్’ పోయి ‘అస్’ వచ్చింది, ‘క’ అక్షరం చోట ‘సి’ వచ్చింది. లాటిన్‌లో ఆ సి ధ్వని క, ఇంగ్లీషులో కొన్ని చోట్ల స. అందుకే కిమోన్ ఇంగ్లీషులో సైమన్ అయ్యాడు. అచ్చుల ఉచ్చారణ మారిపోయాక ప్లతోన్ ప్లేటో అయ్యాడు. కేంబ్రిడ్జిలో జాన్ చీక్ పాత గ్రీకు ఉచ్చారణను పునరుద్ధరించబోతే ఛాన్సలర్ స్టీఫెన్ గార్డినర్ 1542లో దాన్ని నిషేధించాడు. 1846-56 మధ్య పన్నెండు సంపుటాల గ్రీసు చరిత్ర రాసిన జార్జి గ్రోట్ సి బదులు కె వాడి గ్రీకు రూపాలకు దగ్గరగా వచ్చాడు. అలవాటు ముందు అది పూర్తిగా నెగ్గలేదు.

మనం ఆ పేర్లను ఇంగ్లీషు నుంచి తీసుకున్నాం. ప్లేటో, అరిస్టాటిల్, సోక్రటీస్ అన్నీ ఇంగ్లీషు పాఠశాల రూపాలే. నిజానికి ప్రాచీన గ్రీకు పేర్లు రాయడానికి తెలుగు లిపికి ఉన్న సౌలభ్యం ఇంగ్లీషుకు లేదు. గ్రీకులో హ్రస్వమైన ఎ, దీర్ఘమైన ఏ వేరు వేరు అక్షరాలు, ఒ ఓలు కూడా అంతే. మనకూ అవి ఉన్నాయి. ప ఫ, త థ, క ఖ భేదం ప్రాచీన గ్రీకులో ఉంది, మన లిపిలోనూ ఉంది. సోక్రతేస్, అరిస్తొతెలేస్, దేమొస్థెనేస్, ఫిలిప్పొస్ అని రాస్తే క్రీ.పూ. అయిదో శతాబ్దపు ఏథెన్సువాసి తన పేరుగా గుర్తుపడతాడు. నాటుకుపోయిన సోక్రటీస్‌ను ఇప్పుడు మార్చమని నేననను. గ్రీకు నుంచి నేరుగా తెలుగులోకి అనువదించేవారు మాత్రం కొత్త పేర్లను ఇంగ్లీషు అద్దంలో చూడనక్కర్లేదు.

తెలుగు బైబిలు అనువాదకులు ఈ పని ఎప్పుడో చేశారు. పేతురు, అంద్రెయ, స్తెఫను అన్నవి పీటర్, ఆండ్రూ, స్టీఫెన్ కంటే గ్రీకు రూపాలకు దగ్గర. మన క్రైస్తవ కుటుంబాల్లో ఒకే పేరు వాక్యం చదివేటప్పుడు పేతురుగా, బడి రికార్డులో పీటర్‌గా వినబడుతుంది.

అలెగ్జాండర్ దారి, ఫిల్లిస్ దారి

ఒక్క పేరు ఎంత దూరం నడవగలదో అలెగ్జాండర్ చూపిస్తుంది. మనుషులను కాపాడేవాడు అని దాని అర్థం. మైసీనీలో దొరికిన క్రీ.పూ. 13వ శతాబ్దపు మట్టి పలక మీద దాని స్త్రీ రూపం అలెక్సాంద్ర ఉంది. 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ లిపిని విప్పాక గాని అది చదవడం సాధ్యం కాలేదు. అశోకుడి 13వ శిలాశాసనం గ్రీకు రాజుల పేర్లు చెబుతూ అలికసుదర అంటుంది. అతను మన దేశం మీదికి దండెత్తి వచ్చినవాడు కాడు, ఆ పేరే పెట్టుకున్న తర్వాతి రాజు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా అశోకుడి ఈ పెద్ద శాసనాల వరస చెక్కి ఉంది. అరబ్బులు మొదటి ‘అల్’ను తమ భాషలోని ఉపపదం అనుకుని విడదీశారు, ఇస్కందర్ మిగిలింది. అదే సికందర్. మూడో ఆసఫ్ జా అయిన సికందర్ జా పేరిట 1806లో సికింద్రాబాదు వెలసింది. స్కాట్లండులో శాండీ, తెలంగాణలో సికింద్రాబాదు ఒకే మూలానికి కొమ్మలు.

ఇంకో ప్రయాణం బాధ పెట్టేది. 1761లో పశ్చిమాఫ్రికా నుంచి బానిసలతో బోస్టన్ రేవుకు ఒక ఓడ చేరింది. దాని పేరు ఫిల్లిస్. అందులో ఏడేళ్ల పాప. వీట్లీ అనే వర్తకుడు కొన్నాడు. ఓడ పేరు ఆమెకు మొదటి పేరైంది, కొన్నవాడి పేరు ఇంటిపేరైంది. ఫిల్లిస్ గ్రీకు మాట, ఆకుల పచ్చదనం. గ్రీకు కథల్లో ఆ పేరుగల యువతి థ్రేసు రాజకుమారి. ఏథెన్సు వేలంలో 165 ద్రాక్మాలకు పోయిన పేరులేని స్త్రీ కూడా థ్రేసుదే. ఫిల్లిస్ వీట్లీ ఇంగ్లీషూ లాటినూ నేర్చుకుని, 1773లో లండన్‌లో తన కవితల పుస్తకం అచ్చు వేయించింది. తనను తెచ్చిన ఓడ పేరును అమెరికన్ కవిత్వ చరిత్రలో తన పేరుగా నిలిపింది. కన్నతల్లి పెట్టిన పేరు మాత్రం పోయింది. పేరు ప్రేమతో పెట్టవచ్చు, మొక్కుతో పెట్టవచ్చు, సంకెలతోనూ పెట్టవచ్చు. పేర్ల చరిత్ర చెప్పేవారు ఈ మూడూ చెప్పాలి.

మనం చేయవలసినది

1972లో ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ ఫ్రేజర్ అనే చరిత్రకారుడు ప్రాచీన గ్రీకు వ్యక్తినామాల కోశానికి పూనుకున్నారు. శాసనాలు, నాణేలు, పెంకులు, పుస్తకాలు వెతికి ప్రతి పేరూ, ఆ పేరుగల ప్రతి మనిషీ, ఊరూ, కాలమూ నమోదు చేయడం ఆ పని. మొదటి సంపుటం 1987లో వచ్చింది. ఫ్రేజర్ గతించాక కూడా పని సాగింది. అందులో రాజుకూ కుమ్మరికీ ఒకే కొలత, చెరో వరస. ఏ దేవత పూజ ఏ ఊరిలో ఎప్పుడు మొదలైందో, ఏ వలస ఎటు సాగిందో ఆ పేర్ల వరసల నుంచే చరిత్రకారులు ఇప్పుడు చదువుతున్నారు.

మనకు ఆ సామగ్రి లేదా? అమరావతి స్తూపానికి శిలాఫలకం ఇచ్చిన విధికుడు తోలు పని చేసేవాడు. తన వృత్తినీ పేరునూ కలిపి చెక్కించుకున్నాడు. అక్కడి నుంచి కడప జిల్లా తొలి తెలుగు శాసనాల దాకా, కాకతీయుల దానశాసనాల దాకా వేల మంది రైతులు, సెట్లు, దాసీలు, వడ్రంగులు, భిక్షుణులు తమ పేర్లతో రాతి మీద నిలిచి ఉన్నారు. ఊరిపేర్ల మీద, ఇంటిపేర్ల మీద తెలుగులో మంచి కృషి జరిగింది. శాసనాల్లోని వ్యక్తినామాలన్నిటినీ ఆ ఆక్స్‌ఫర్డ్ కోశం పద్ధతిలో ఒక్కచోట చేర్చి, ఎవరైనా వెతుక్కోగలిగేలా అందరికీ తెరిచి ఉంచే కోశం కావాలి. రాజుల వంశవృక్షాలు మనం బాగానే రాసుకున్నాం. ఆ రాజుల శాసనాల అడుగున సాక్షిగా నిలిచిన మనిషి పేరు కూడా అంతే శ్రద్ధగా రాసుకోవాలి.

విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు ఒక్క జిల్లా శాసనాలతో ఈ పని మొదలుపెట్టాలని ఈ వేదిక నుంచి కోరుతున్నాను. ఊరూరా తిరిగి తాళపత్రాలు పోగుచేయించిన బ్రౌన్‌కు మనం చెల్లించగల నివాళి అలాంటి పనే.